శాలువా కప్పిన తరువాత

జూన్‌లో ర్యాంకులు వస్తాయి. ఆ ఆదివారం పిల్లవాణ్ణి ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పిస్తాం, శాలువా కప్పుతాం, ప్రార్థించి పంపుతాం. డిసెంబరు సెలవులకు వచ్చిన అదే పిల్లవాడు వెనుక వరుసలో కూర్చుంటే, ఎలా ఉన్నావని అడిగేవారు తక్కువ. ఈ వారం ఆ ఆరు నెలల గురించి ఆలోచిద్దాం.

ములుగు జిల్లా పాలంపేట నుండి వరంగల్ ఎన్‌ఐటీకి సుమారు 70 కిలోమీటర్లు. 1959లో ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ సంస్థ, దేశంలోని ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలల్లో మొదటిది. 2002లో ఎన్‌ఐటీ అయింది. దారి చిన్నదే. కూలి చేసుకునే ఇంటికి మాత్రం అది ఒక తరం పట్టే ప్రయాణం.

అయినా తలుపు మూసి లేదు. జేఈఈ మెయిన్‌ను 2021 నుండి తెలుగులోనూ రాయవచ్చు. సీట్లలో సగం సొంత రాష్ట్రం పిల్లలకే. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా వర్తించదు గనుక, మన పిల్లల్లో అనేకులకు ఆదాయాన్ని బట్టి వచ్చే మినహాయింపే ఆధారం. కుటుంబ వార్షికాదాయం లక్షలోపు ఉంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా, లక్ష నుండి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ అవుతుంది. ఆదాయ ధ్రువపత్రం ముందే తీసి ఉంచుకోండి. హాస్టలు, మెస్ ఖర్చులు వేరుగా ఉంటాయని కూడా గుర్తుంచుకోండి.

అసలు కష్టం సీటు వచ్చాక మొదలవుతుంది. పాఠం ఇంగ్లిషులో, పక్క మంచం మీది కుర్రాడి మాట హిందీలో. ఊళ్లో ఎప్పుడూ మొదటి స్థానంలో నిలిచినవాడు ఇక్కడ మధ్యలో ఎక్కడో ఉంటాడు. ఒక సబ్జెక్టు తప్పితే ఇంట్లో చెప్పలేడు. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మా" అంటాడు. టెక్నోజియాన్, స్ప్రింగ్ స్ప్రీ వంటి ఉత్సవాలు, క్లబ్బులు, ఇంటర్న్‌షిప్‌లు అందరికీ తెరిచే ఉంటాయి. కానీ అడగడం తెలిసినవారికే అవి అందుతాయి. అడగలేనివాడు గదిలోనే మిగిలిపోతాడు.

దానియేలును, అతని స్నేహితులను తలచుకోండి. పరాయి రాజధానిలో పరాయి భాష, పరాయి విద్య నేర్చుకోవలసివచ్చింది. అయితే వారు నలుగురు. ఒక్కడే అయివుంటే ఆ చదువు ఎంత బరువయ్యేదో!

సంఘము చేయగలిగింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఆ క్యాంపస్‌లో చదివిన ఒక అన్ననో అక్కనో వెతికి, చేరకముందే పరిచయం చేయండి. నెలకు ఒకసారి ఫోన్ చేయండి, మార్కులు మాత్రం అడగకండి. తప్పిన సబ్జెక్టు మళ్లీ రాసుకోవచ్చని తల్లిదండ్రులే ముందు చెప్పాలి. మాటల్లో నిరాశ వినిపిస్తే ప్రార్థనతో సరిపెట్టకండి, వెంటనే వెళ్లి కలవండి. టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అవకాశమంటే జీతం ప్యాకేజీ ఒక్కటే కాదని కూడా చెప్పండి. పాలంపేటలోని రామప్ప గుడి 1213 నాటిది. 2021 జూలైలో యునెస్కో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపునిచ్చింది. ఆ గుర్తింపు కోసం ఏళ్ల తరబడి శ్రమించినవారిలో వరంగల్ ఎన్‌ఐటీ విశ్రాంత ఆచార్యులు ఎం. పాండురంగారావు ఒకరు. తాను నేర్చిన ఇంజినీరింగ్‌ను ఆయన పక్క ఊరి రాళ్ల కోసం వాడారు.

ఆ కట్టడపు పునాది గోతిలో ఇసుక నింపారు. కదలికను ఓర్చుకునే ఆ ఇసుక కంటికి కనిపించదు, చూసేవారు శిల్పాలనే మెచ్చుకుంటారు. మన పిల్లల విషయంలో శాలువా అందరికీ కనిపిస్తుంది. ఈ డిసెంబరులో వెనుక వరుసలో కూర్చున్న పిల్లవాడి పక్కన వెళ్లి కూర్చునేవారు ఎవరు?