నిగారింపుకూ ఒక కొలత

తరగతిలో కిటికీకి ఎదురు వరుసలో కూర్చున్న బిడ్డ "బోర్డు మీద అక్షరాలు కనిపించడం లేదు" అని చెబితే మనం ముందుగా ఆ పసివాని కళ్ళనే అనుమానిస్తాం. దోషం ఒక్కోసారి బోర్డుది. నిగనిగలాడే రంగు కిటికీ వెలుగును అద్దం వలె ఆ వరుస మీదికే తిప్పికొడుతుంది. సుద్ద గీత ఆ వెలుగులో మునిగిపోతుంది. కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు మాత్రం చక్కగా చదువుకుంటూనే ఉంటాడు.

కాంతి ఏ కోణంలో పడితే అదే కోణంలో తిరిగి వెళుతుంది. సుమారు వెయ్యేళ్ళ క్రితం, బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్ సమతల, కుంభాకార, పుటాకార దర్పణాలతో దీనిని ప్రయోగపూర్వకంగా పరిశీలించి 'కితాబుల్ మనాజిర్'లో వివరించారు. గరుకు తలమైతే కాంతిని నలుదిక్కులకూ చెదరగొడుతుంది.

నేడు రంగుల పరిశ్రమలో నిగారింపును కొలిచే మీటరుకు ఆధారం ఇదే. అది 60 డిగ్రీల కోణంలో కాంతిని పంపి, అవతల అదే కోణంలో ఎంత చేరిందో చూస్తుంది. 1.567 వక్రీభవన గుణకం గల నునుపైన నల్లగాజు విలువను 100గా నిర్ణయించారు. ఇది శాతమని భ్రమపడరాదు. ఆ గాజు తిప్పి పంపేది పడిన కాంతిలో పదో వంతే! అందుకే మంచి దర్పణం 100ను ఎన్నో రెట్లు మించిపోతుంది. విలువ 70 దాటితే 20 డిగ్రీల వద్ద, 10 లోపు ఉంటే 85 డిగ్రీల వద్ద మళ్ళీ కొలుస్తారు.

బోర్డుకు కావలసింది ఆ 10 లోపు రంగే. దుకాణంలో దానిని 'మాట్' అంటారు. మీటరు లేని పెద్దలు ఒక ఉదయం ఆ ఎదురు వరుసలో, బిడ్డ ఎత్తుకు వంగి కూర్చుని చూడవచ్చు.