ఓం పురి నటజీవితము – మన బాధ్యత

ఓం పురి 2017 జనవరి 6వ తేదీన ముంబయి నగరమున దివంగతుడయ్యెను. ఆనాడు పత్రికలన్నియు ఆయన గంభీర కంఠమును, నటనాకౌశలమును వేనోళ్ల కొనియాడినవి. ఆ ప్రశంస ఉచితమే. కాని అంతకంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. ఇట్టి నటుని దేశమునకు సంపాదించి యిచ్చిన దెవరు? ఇట్టివాడు మరల లభింపవలెనన్న మనము చేయవలసిన దేమి?

అంబాలాలో జన్మించిన ఓం పురి బాల్యము కటిక దారిద్ర్యమున గడచినది. తండ్రి రైల్వేలో చిన్న యుద్యోగి. ఆడుకొనవలసిన యీడున ఆ బాలుడు టీదుకాణమున పాత్రలు కడిగెను. రైలుపట్టాల వెంట బొగ్గు నేరెను. ముఖమున మశూచికపు మచ్చలు నిలిచిపోయినవి. వెండితెర తన నాయకులయందు కోరెడు పచ్చని మేనిచాయ గాని, నున్నని చెక్కిళ్లు గాని ఆయనకు లేవు. ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయమున చేరినపుడు తనకు ఇంగ్లీషు రాదను సంకోచముచే క్రుంగిపోయెను. ఆ విద్యాలయాధిపతి యగు ఇబ్రహీం అల్కాజీ ధైర్యము చెప్పి నిలిపెను. 1973లో అచట చదువు ముగించి, పిమ్మట పూనాలోని ఫిలిం ఇన్‌స్టిట్యూటులో నటన నభ్యసించెను. ఈ రెండు విద్యాలయములును ప్రజాధనముతో నడచునవే యని పాఠకులు గమనింపవలెను. ఇంగ్లీషు రాదని సిగ్గుపడిన యా యువకుడే 1999లో వెలువడిన ‘ఈస్ట్ ఈజ్ ఈస్ట్’ అను బ్రిటిష్ చిత్రమున ప్రధానపాత్ర ధరించి, ఆ దేశపు బాఫ్టా ఉత్తమనట పురస్కారమునకు ప్రతిపాదింపబడెను. దేశభాషలలో చదివిన బిడ్డలు వెనుకబడుదురని బెంగపెట్టుకొను తల్లిదండ్రులు ఈ సంగతి మరువకుందురు గాక.

ఆయన ధరించిన పాత్రలను వరుసగా తలచి చూడుడు. ‘ఆక్రోశ్’ (1980)లో భార్యను చంపినాడను నిందపై చెరలో నున్న గిరిజనుడు. ‘సద్గతి’ (1981)లో కూతురి పెండ్లికి ముహూర్త మడుగబోయి, పండితుని యింట వెట్టిచాకిరి చేయుచు కట్టెమొద్దు కొట్టలేక ప్రాణము విడిచిన దుఖీ. ‘ఆరోహణ్’ (1982)లో న్యాయస్థానముల చుట్టు తిరుగు బెంగాలు కౌలురైతు. ‘అర్ధసత్య’ (1983)లో అధికారమునకును అంతరాత్మకును నడుమ నలిగిన పోలీసు సబిన్‌స్పెక్టరు. ‘సుస్మన్’ (1987)లో మన పోచంపల్లి నేతకాడు రాములు. 1988లో దూరదర్శన్ ప్రసారము చేసిన ‘తమస్’లో తోళ్లు తీసి జీవించు నత్థూ. వీనిలో ‘ఆరోహణ్’, ‘అర్ధసత్య’ చిత్రములకు జాతీయ ఉత్తమనట పురస్కారము లభించినది.

ఈ దేశమున దున్నువారును, నేయువారును కోట్లకొలది కలరు. వారు తెరపై కానరాకపోలేదు; కాని హాస్యమునకో, జాలికో వారిని పిలుచుట మిక్కిలి వాడుక. ఓం పురి వారిని నవ్వులపాలు చేయలేదు. వారికై కన్నీరు యాచింపనును లేదు. ‘ఆక్రోశ్’లో ఆ గిరిజనుడు ఇంచుమించుగా కథ యంతయు మౌనియై యుండును. పలికిన లాభము లేదని తెలిసినవాని మౌన మది. తుదకు ఆ కంఠమునుండి వెలువడిన కేక విన్నవారు మరువజాలరు. అంతటి కంఠము గలవాడు కథకొరకు దానిని దాచుకొనుటయే ఆయన కళకు నిదర్శనము.

ఇట్టి చిత్రములకు పెట్టుబడి పెట్టిన దెవరు? ‘సద్గతి’ని సత్యజిత్ రాయ్ దూరదర్శన్ కొరకు తీసెను. ‘ఆరోహణ్’ను పశ్చిమబెంగాలు ప్రభుత్వము నిర్మించెను. ‘సుస్మన్’కు చేనేత సహకార సంఘములే ధనము సమకూర్చినవి. ‘ఆక్రోశ్’, ‘అర్ధసత్య’ చిత్రములను ధైర్యముగల వ్యక్తులు నిర్మించిరి. వారికిని న్యాయముగా కీర్తి దక్కవలసినదే. కాని కేవలము లాభముపైనే దృష్టి నిలిపిన విపణిలో ఈ పాత్రలలో సగమైనను పుట్టియుండెడివి కావు.

పేదదేశమున కొలదిమంది చూచు చిత్రములకు ప్రజాధన మేల యని కొందరాక్షేపింతురు. ఈ యాక్షేపణను త్రోసివేయరాదు. కాని కొలదిమంది చూచుటకు కారణము చిత్రమా, ప్రదర్శనశాల దొరకకపోవుటయా? ‘సుస్మన్’ ఎన్ని చేనేత గ్రామములలో ప్రదర్శింపబడినది? విత్తనము చల్లి నీరు పెట్టనివాడు నేల చవుడని నిందించుట తగదు. ఆదరణ సన్నగిల్లిన పిదప ఓం పురి జీవనోపాధికై వ్యాపారచిత్రములలో హాస్యపాత్రలను, చిన్నపాత్రలను పెక్కు ధరింపవలసి వచ్చెను. హాస్యము నీచమని మేమనము. 1983 నాటి ‘జానే భీ దో యారో’లో ఆయన హాస్యము నేటికిని నవ్వించును. అయినను వజ్రమును కాగితములపై బరువుగా నుంచుట వజ్రము తప్పు కాదు.

తెలుగువారికి ఈ విషయమున బాంధవ్యము కలదు. ‘సుస్మన్’, ‘ఆరోహణ్’ల దర్శకుడు శ్యామ్ బెనెగల్ హైదరాబాదు ప్రాంతమున పుట్టి పెరిగినవాడు. జాతీయ పురస్కారమందిన తెలుగు చిత్రము ‘అంకురం’ (1992)లో ఓం పురి నటించెను. కావున కర్తవ్యమునందును మనకు భాగము కలదు. 2022లో కేంద్రప్రభుత్వము ఫిలిం ఆర్కైవును, ఫిలిమ్స్ డివిజనును జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనము చేసినది. ఇక నొక శాఖ మరియొక శాఖపై భారము నెట్టుట కవకాశము లేదు. ఈ చిత్రములకు తెలుగు మొదలగు దేశభాషలలో సంభాషణల పాఠమును చేర్చి, కళాశాలలలోను, చేనేత గ్రామములలోను ప్రదర్శింపవలెను. రాష్ట్రప్రభుత్వములు చిత్రములకిచ్చు సహాయమున కొంతభాగమును చిన్న చిత్రములకు కేటాయించి, వానికి ప్రదర్శనశాలయందు కొన్ని దినములైన చోటు కల్పింపవలెను.

ప్రభుత్వమొక్కటే యన్నియు చేయవలెనని మా యభిప్రాయము కాదు. 1976లో గుజరాతునందలి ఐదు లక్షల పాడిరైతులు తలకు రెండేసి రూపాయలు వేసికొని ‘మంథన్’ అను చిత్రమును నిర్మించుకొనిరి. పాలమ్ముకొనువారు చేయగలిగిన పనిని చదువుకొన్నవారు చేయజాలరా? ఊరికొక చలనచిత్ర సంఘమును స్థాపించుకొని, నెలకొక మంచి చిత్రమును తెప్పించుకొని, టిక్కెట్టు కొని చూచుట అసాధ్యమైన కార్యము కాదు.

టీదుకాణములలో పాత్రలు కడుగు బాలురు నేడును కలరు. వారిలో మరియొక ఓం పురి యుండవచ్చును. వాని నాదరించు విద్యాలయమును, వానికొరకు వ్రాయబడిన కథయు, ఆ కథను చూడగోరు ప్రజయు సిద్ధముగా నుండవలెను. ఈ మూడును లేనిచో మరణానంతరము మనమర్పించు పుష్పమాలలు వట్టి మర్యాదయే యగును.