రెండో గ్లాసు ఉన్న హోటల్

ఏ హోటల్‌కు వెళ్లకూడదు అని అడిగితే మన దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. టీ బాగుండదు, నూనె మంచిది కాదు, బిల్లు ఎక్కువ. విశ్వాసులం కాబట్టి, అక్కడ మందు అమ్ముతారని కూడా అంటాం. అక్కడ అందరికీ ఒకే గ్లాసు ఇవ్వరు అనే కారణం మాత్రం మన నోట అరుదుగా వస్తుంది.

పాలారు మీది బేతమంగళ జలాశయం నుంచి కె.జి.ఎఫ్. గనుల ఊళ్లకు ఎన్నో ఏళ్లు తాగునీళ్లు వెళ్లాయి. ఆ నీళ్లు ఎవరి కులమూ అడగలేదు. అడిగేది మనుషులే. ఇది పాత కథ కాదు. ఇదే కోలారు జిల్లా మాలూరు తాలూకా ఉల్లేరహళ్లిలో 2022లో ఒక దళిత బాలుడు దేవుడి కర్రను తాకాడని ఆ కుటుంబానికి 60,000 రూపాయల జరిమానా వేశారు.

చట్టం స్పష్టంగానే ఉంది. అంగళ్లు, హోటళ్లు అందరికీ తెరిచి ఉండాలని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. హోటల్‌లోని పాత్రలను అంటరానితనం పేరుతో వాడనివ్వకపోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది. అయినా వేరే గ్లాసు కొన్నిచోట్ల కాగితపు కప్పుగా మారి, శుభ్రత పేరుతో చేతికొస్తోంది.

మరి ఎవరు మానాలి? ఆ వేరే గ్లాసు అందుకునే కూలీ అన్నను ఎదిరించమని చెప్పి మనం పక్కన నిలబడటం న్యాయం కాదు. ఆయన పని, అప్పు, ఇల్లు ఆ ఊరి పెద్దల చేతిలోనే ఉంటాయి. తాగే నీళ్ల చెరువును మురికి చేయవద్దని అడిగినందుకు మొదలైన గొడవలో 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు ప్రాణాలు కోల్పోయారు. మానవలసింది మంచి గ్లాసు దొరికేవాళ్లు. చదువుకుని, చొక్కా మడత నలగకుండా, ఎవరూ కులం అడగని బల్ల దగ్గర కూర్చునే మనం.

1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో వస్తువులు కొని, కాఫీ బల్ల దగ్గర కూర్చున్నారు. వాళ్ల డబ్బు తీసుకున్న దుకాణం కాఫీ ఇవ్వనంది. వాళ్లు లేవలేదు. మరునాడు ఇంకొందరు వచ్చారు. నల్లవారు అక్కడ కొనడం మానేశారు. వ్యాపారం దెబ్బతిన్నాక, జూలైలో ఆ బల్ల అందరికీ తెరుచుకుంది.

అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ, కొందరు రాగానే భయపడి వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు. ఎవరితో కలిసి తింటామన్నది సువార్త విషయమేనని ఆయనకు తెలుసు.

యౌవనులారా, ఈ వారం టీ తాగేచోట గ్లాసులు చూడండి. తేడా ఉంటే యజమానితో మర్యాదగా చెప్పండి: "అన్నా, అందరికీ ఒకే గ్లాసు పెట్టినాకే వస్తాము." మీ స్నేహితులనూ ఆపండి. అంతకుముందు మన ఇంట్లో పనికి వచ్చే అక్కకు ఏ గ్లాసులో టీ ఇస్తున్నామో చూసుకుందాం.