సాక్షికి శిక్ష రాసిపెట్టారు, మరి రక్షణ?

అశ్వారావుపేట గూడేల్లో సాక్షి సమన్లు వస్తే "మనకెందుకు, పోకపోతే ఏమవుద్ది?" అనే మాటే ముందు వినపడుద్ది. ఏమవుద్దో తెలుసుకుందాం.

కోర్టు సమన్లు అందుకుని కావాలని ఎగ్గొడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 208 కింద 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వారెంటు కూడా రావచ్చు. బోనెక్కి జవాబు చెప్పనంటే 7 రోజుల దాకా కస్టడీ. ప్రమాణం చేసి అబద్ధం చెబితే 7 ఏళ్ళ దాకా జైలు.

పోలీసు విచారణ సంగతి వేరు. సాక్షిని పిలవాలంటే రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. ఆడవాళ్ళను, 15 ఏళ్ళ లోపు పిల్లలను, 60 దాటిన పెద్దలను స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం అడగకూడదు.

అయితే చట్టంలో ఇంకో సగం ఉంది. అట్రాసిటీ కేసుల్లో సాక్షికి దారి ఖర్చులు, భోజన ఖర్చులు, రక్షణ ఇవ్వాలని 2016 నుంచి సెక్షన్ 15ఏ చెబుతోంది. సాక్షుల రక్షణ పథకాన్ని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్ష సమన్లతోపాటే గడపదాకా వస్తుంది. రక్షణ మాత్రం అడిగితే గానీ రాదు.

"ఆదివాసీలు సాక్ష్యం చెప్పరు, అందుకే కేసులు నిలబడవు" అనేవాళ్ళకు వాకపల్లి చూపించండి. 2007 ఆగస్టులో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఆ ఊరి 11 మంది ఆదివాసీ మహిళలు చెప్పారు. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదంది, మహిళలకు పరిహారం ఇవ్వమంది. అక్కడ మాట తప్పింది సాక్షులా?

కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీ కాని అధికారికి సెక్షన్ 4 కింద 6 నెలల నుంచి ఏడాది దాకా జైలుంది. కానీ ముందు శాఖాపరమైన విచారణ సిఫారసు చేయాలి. కూలి పోగొట్టుకుని వచ్చే సాక్షి మీద వారెంటుకు అలాంటి అడ్డేమీ లేదు. ఇదేం సమానత్వం?

అందుకే సమన్లు వస్తే దాక్కోవద్దు. వెళ్ళండి, ఒంటరిగా వెళ్ళొద్దు. ఛార్జీలు రాతపూర్వకంగా అడగండి. బెదిరింపులుంటే జడ్జికే చెప్పండి. తెలుగు రాని పెద్దలకు దుబాసీ కావాలనండి. ఎస్టీలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలునిస్తుంది, అడగండి.

మన నోరు మూతపడితే లాభపడేది ముద్దాయే. జై ఆదివాసీ!