నొప్పి యెరుగని పాదము

పోయిన వైశాఖమున మా మేనమామ గ్రామములోని శివాలయమున మిట్టమధ్యాహ్నపు వేళ పదకొండు ప్రదక్షిణములు చేసి ఇంటికి వచ్చి, వసారాలో కూర్చుండి మజ్జిగ త్రాగుచుండగా, గడప మొదలు ఆయన కుర్చీ వరకు గచ్చుపై తడిగా, ఎర్రగా పడిన అడుగుజాడలను చూచి మనుమరాలు కేక పెట్టెను. ఎండకు కాలిన రాతిబండలమీద ఆయన అరికాలి చర్మము బొబ్బలెక్కి, చిట్లి, బొటనవ్రేలి మొదట రూపాయిబిళ్ళంత మేర ఊడిపోయి యుండెను. ఆ సంగతి ఆయనకు మాత్రము తెలియదు. పదునెనిమిదేండ్లుగా మధుమేహముతో బ్రతుకుచున్న ఆ మనిషి పాదములలోని నరములు ఎన్నడో మూగవోయినవి. "నాకేం నొప్పి లేదురా, ఈ మాత్రానికి ఇంత హడావిడి ఎందుకు?" అని ఆయన నవ్వగా మేమందరము ఊరట చెందితిమి. నొప్పి లేకపోవుటయే అసలు వ్యాధి యని, ఊరట చెందిన ఆ క్షణముననే మేము ఉలికిపడవలసి యుండెనని గ్రహించుటకు మాకు నాలుగు మాసములు పట్టినది. ఆలోపల ఆయన రెండు కాలివ్రేళ్ళను కోల్పోయెను.

ఆ నాలుగు మాసములలో ఆయనకు చికిత్స జరుగలేదని చెప్పుటకు వీలులేదు. మొదట పసుపు, తరువాత టింక్చరు, ఆ తరువాత దినదినము ఒక కాంపౌండరు వచ్చి నురుగులెత్తు మందు పోసి, ఎండి పుండునకు అంటుకొనిన గాజుగుడ్డను చివాలున లాగివేసి కొత్తకట్టు కట్టుట, పిమ్మట పట్టణములోని ఒక పెద్ద ఆసుపత్రిలో వెండి కలిపిన కట్లు, ఖరీదైన లేపనములు, చివరకు చీమును పీల్చు యంత్రము, అన్నియు జరిగినవి. "పప్పు తింటే చీము పడుతుంది" అని ఇరుగుపొరుగువారు చెప్పగా ఇంటిలోనివారు పప్పు మాన్పించిరి. కండ పెరుగవలసిన శరీరమునకు మాంసకృత్తులు మిక్కిలి అవసరమైన దినములలోనే చారుమెతుకులతో సరిపెట్టిరి. ఇన్ని చేసినను ఒక్కటి మాత్రము ఎవ్వరును చేయలేదు. ఆ కాలిమీద ఆయన నిలబడకుండ, నడువకుండ చూచినవారు లేరు. స్నానమునకు, పూజకు, వీధి చివరి దుకాణమునకు ఆయన ఆ పుండుమీదనే అడుగువేసి నడచుచుండెను. పుండు ఒకచోట, మందు ఒకచోట అను మన సామెత అక్షరాల నిజమైనది.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఇదియే: చర్మముపై గాయములను మాన్పు విద్య గడచిన అరువదేండ్లలో ఆశ్చర్యము గొలుపునంతగా ఎదిగినది, ఆ ఎదుగుదలలో ఒక్కదానిని మనము నిర్లక్ష్యము చేయుటచేత తక్కిన వాని ఫలము మనకు దక్కుటలేదు.

గాయము మానుట మన చేతిలోని పని కాదు. అది శరీరము తానై చేసికొను పని. రక్తము గడ్డకట్టి ద్వారము మూయును. తెల్లకణములు వచ్చి మలినమును తినివేయును. అడుగునుండి ఎర్రకండ లేచును. పిమ్మట అంచులనుండి కొత్తచర్మపు కణములు ఒకదానివెంట నొకటి ప్రాకివచ్చి ఆ ఎర్రనేలను కప్పును. ఈ ప్రాకుట తడిలోనే సాధ్యము. పుండునకు గాలి తగులవలెనని, ఎండి పక్కు కట్టవలెనని మన పెద్దలు మాత్రమే గాక పాశ్చాత్యదేశముల వైద్యులు సయితము చిరకాలము నమ్మియుండిరి. 1962లో లండనులో జార్జి వింటర్ అను శాస్త్రజ్ఞుడు పందిపిల్లల వీపుపై సమానమైన చిన్న గాయములు చేసి, కొన్నిటిని గాలికి విడిచి, కొన్నిటిని పలుచని పాలిథీను పొరతో కప్పి చూడగా, కప్పిన గాయములపై కొత్తచర్మము ఇంచుమించు రెట్టింపు వేగముతో పరచుకొనెను. పక్కు క్రింద పొడినేలలో దారి త్రవ్వుకొనుచు పోవలసిన కణములు తడినేలపై సులభముగా సాగిపోయినవి. నేడు మందుల దుకాణములలో దొరకు జిగురుపొరలు, నురుగుకట్లు, తేమ నిలుపు పట్టీలు అన్నియు ఆ పాలిథీను పొర సంతానమే. ఎండిన గాజుగుడ్డను లాగినపుడెల్ల ఆ కాంపౌండరు రాత్రియంతయు ప్రాకివచ్చిన కొత్తచర్మమునే పెరికివేయుచున్నాడని నాకు ఇప్పుడు తెలిసినది.

సుశ్రుతుడు వ్రణచికిత్సకు అరువది ఉపక్రమములను, కట్టు కట్టుటకు పదునాలుగు విధములను వివరించిన దేశము మనది. పూర్వులను స్తుతించుటకు గాక మరియొక కారణముచేత ఈ మాట చెప్పుచున్నాను. కట్టు ఎట్లు కట్టవలెను, ఏ అవయవమునకు ఏ కట్టు తగును అనునది అల్పవిషయమని ఆయన తలపలేదు. నేటి మన ఆసుపత్రులలోనో, కట్టు కట్టుట అందరికంటె తక్కువ శిక్షణ గలవానికి అప్పగింపబడు పని.

పీల్చు యంత్రము సంగతికి వత్తము. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రమున ఆర్జెంటా, మోరిక్వాస్ అను ఇరువురు 1997లో ప్రకటించిన ఈ పద్ధతిలో, పుండులో స్పాంజి నుంచి, పైన గాలి చొరని పొర అతికించి, గొట్టము ద్వారా నూట ఇరువదియైదు మిల్లీమీటర్ల పాదరసమునకు సమానమైన వెలితిని కల్పింతురు. చెడునీరు పోవును, వాపు తీయును, ఎర్రకండ వేగముగా లేచును. మధుమేహముచేత పాదములో కొంతభాగము తీసివేయబడిన నూట అరువది ఇద్దరు రోగులపై జరిగి 2005లో ప్రచురితమైన పరీక్షలో, ఈ యంత్రము పెట్టినవారిలో నూటికి 56 మందికి పుండు మానగా, మామూలు కట్లు కట్టినవారిలో 39 మందికే మానినది. ఇది చిన్నమేలు కాదు. ఖరీదైన యంత్రము కొనలేని మన ప్రభుత్వ ఆసుపత్రుల శస్త్రవైద్యులు మామూలు స్పాంజిని గోడకు అమర్చిన సక్షను గొట్టమునకు తగిలించి ఇదే పని నెరవేర్చుకొనుచుండుటను నేను మిక్కిలి గౌరవముతో తలచుచున్నాను.

ఇక జీవసాంకేతిక విద్య సాధించినది మరింత ఆశ్చర్యకరము. చర్మకణములను పాత్రలో పెంచు ఉపాయమును రైన్‌వాల్డ్, గ్రీన్ అను శాస్త్రజ్ఞులు 1975లో కనుగొనిరి. ఎనిమిదేండ్లు తిరుగకముందే, ఒడలంతయు కాలిన ఇరువురు బాలురను వారి స్వంత చర్మపు తునకలనుండి పెంచిన పొరలతో బోస్టనులో బ్రతికించిరి. కణములను పెరుగుమని ప్రేరేపించు ప్రోటీనులతో లేపనములు వచ్చినవి. అట్టి లేపనమును మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ రీజెన్-డి అను పేర తయారు చేయుచున్నది. కాలిన గాయములవారి కొరకు, మరణించినవారు దానము చేసిన చర్మమును నిలువచేయు బ్యాంకు 2021లో ఉస్మానియా ఆసుపత్రిలో వెలసినది. నేత్రదానమును గూర్చి తెలిసిన మనవారిలో చర్మదానమును గూర్చి విన్నవారు నేటికిని స్వల్పము; మరణించిన ఆరుగంటల లోపల చేయదగిన దానమిది.

అయితే, కణములను ప్రేరేపించు ఆ లేపనముల పరీక్షలలోనే మరుగున పడిన ఒక సత్యము కలదు. మధుమేహపు పాదవ్రణములపై అట్టి లేపనమొకదానిని పరీక్షించి 1996లో ఫలితములను వెల్లడించిన వైద్యులు గమనించినదేమనగా, ఏ కేంద్రములలో పుండు చుట్టును గట్టిపడిన చర్మమును, చచ్చిన కండను తరచుగా కత్తితో తొలగించిరో ఆ కేంద్రములలో పుండ్లు ఎక్కువగా మానినవి. మందు రాసినవారిలోను, మందులేని ఉత్తలేపనము రాసినవారిలోను ఇదే తీరు. నేర్పుగల చేయి, తీరిక, వారవారము చూచు ఓపిక, ఇవి లేనిచోట ఏ లేపనమును తన శక్తిని చూపజాలదు.

ఇట మనకు పొరుగుననే జరిగిన ఒక మహాకృషిని స్మరింపవలసి యున్నది. కొల్లిమలలో జన్మించిన ఆంగ్లవైద్యుడు పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిననాడు, కుష్ఠురోగుల వ్రేళ్ళు రోగముచేత కుళ్ళి రాలిపోవునని లోకమంతయు నమ్మియుండెను. ఆయన రోగుల వెంటనే తిరిగి చూచెను. కాలుచున్న గిన్నెను వట్టిచేత దించువారు, చెప్పులో మేకు గుచ్చుకొనినను నడచిపోవువారు కనబడిరి. కొందరికి రాత్రి నిదుర లేచునప్పటికి వ్రేలి కొన కానరాకుండెను. కాపుకాచి చూడగా ఎలుకలు కొరుకుచున్నవని తేలెను. నొప్పి తెలియని రోగి మేలుకొనలేదు. ఇండ్లకు పంపునపుడు రోగులకు ఒక్కొక్క పిల్లిని ఇచ్చి పంపుట ఆ దినములలో అక్కడి చికిత్సలో భాగమైనది! మాంసము తనంతట కుళ్ళుటలేదని, నొప్పి యను కావలివాడు లేని దేహము తన గాయమును తానే మరల మరల త్రొక్కుకొని నాశనమగుచున్నదని ఆయన నిరూపించెను.

కనుక మందుకంటె ముందు బరువును తొలగింపవలెను. సింహళములోను, దక్షిణభారతములోను అంతకు పూర్వమే కొందరు వైద్యులు ఉపయోగించిన పద్ధతి నొకదానిని వేలూరు బృందము స్వీకరించినది: పుండుగల కాలికి మోకాటి క్రింది వరకు ఒంటికి అంటుకొనునట్లు సున్నపుకట్టు వేయుట. విరిగిన ఎముకకు వేయు కట్టే, గాని ఉద్దేశము వేరు. అరికాలి ఒక్కచోట పడు బరువును ఆ కట్టు పాదమంతటికిని, పిక్కకును పంచివేయును. 1966లో బ్రాండ్ అమెరికాలోని కార్విల్ కుష్ఠాశ్రమమునకు వెళ్ళగా, ఆ విద్య ఆయనతో సముద్రము దాటి అక్కడి మధుమేహరోగులకు చేరినది. 2001లో ప్రచురితమైన ఒక పరిశీలనలో ఈ కట్టు వేసిన పుండ్లలో పదింట తొమ్మిది పండ్రెండు వారములలోపల మానినవి. విప్పుకొనదగిన పాదరక్షలు వాడినవారిలో పదింట ఏడును మించలేదు. కారణము మరి రెండేండ్లకు తెలిసినది: విప్పుకొను వీలున్న పాదరక్షను ఇచ్చినచో, రోగులు తాము వేయు అడుగులలో నూటికి ఇరువదియెనిమిదింటికే దానిని తొడుగుకొనుచుండిరి. నొప్పి లేనివానికి జాగ్రత్త గుర్తుండదు; ఆ జాగ్రత్తను కట్టే వహింపవలెను. పాదవ్రణములపై అంతర్జాతీయ నిపుణుల బృందము వెలువరించు మార్గదర్శకములు నేటికిని విప్పరాని ఈ విధమైన సాధనమునకే అగ్రస్థానము నిచ్చుచున్నవి.

మన గడ్డమీద పెరిగిన విద్య మన మధుమేహరోగులకు ఎందుకు చేరలేదు? భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రచురించిన లెక్కప్రకారము దేశమున మధుమేహముగలవారు పదికోట్ల పదిలక్షలమంది. అట్టివారిలో జీవితకాలమున ఐదుగురిలో ఒకరికైనను పాదవ్రణము కలుగునని వైద్యశాస్త్రపు అంచనా. అది మనకును వర్తించునని తలచిన, రెండుకోట్ల మంది. వీరి చికిత్సకు యంత్రము ప్రియమగుటకును, సున్నపుకట్టు అప్రియమగుటకును నాకు తోచిన కారణ మొక్కటి: యంత్రము మనలను ఏమియు కోరదు. పాదమునకు విశ్రాంతి అన్నచో కౌలురైతు పొలమును విడువవలెను, కూలిమనిషి కూలిని విడువవలెను, ఇల్లాలు వంటగదిని విడువవలెను. వారముల తరబడి నడువవద్దని వైద్యుడు చెప్పుట సులభము. ఆ వారములలో పొయ్యిమీదికి బియ్యమెక్కడివని అడుగువారికి సమాధానము లేదు. క్షయరోగికి పోషణకై నెలకు అయిదువందల రూపాయలు 2018 నుండి ఇచ్చి, 2024లో దానిని వేయికి పెంచిన ప్రభుత్వము, పాదవ్రణరోగికి పుండు మానువరకు అటువంటి భృతి నిచ్చుట అసాధ్యమా? ఆసుపత్రిలో చేరినవారి శస్త్రచికిత్సకే ప్రధానముగా డబ్బు చెల్లించు ఆరోగ్యశ్రీ వంటి పథకములు, చేరకుండ వారవారము వచ్చి కట్టు మార్పించుకొను రోగిని కూడ తమ వానినిగా ఎంచరాదా?

సున్నపుకట్టు అందరికిని తగదు. రక్తప్రసారము చాలనివానికి, చీము లోతునకు దిగినవానికి అది అపాయకరము. నేర్పులేని చేయి వేసిన కట్టు కొత్తపుండ్లను పుట్టింపగలదు. కాబట్టియే ప్రతి జిల్లా ఆసుపత్రిలోను నాడిచూచి, కత్తిపట్టి, కట్టువేయ నేర్చిన ఒక్క జట్టైనను ఉండవలె ననుచున్నాను. కుష్ఠు నివారణశాఖవారు మొద్దుబారిన పాదములకు ఎం.సి.ఆర్. చెప్పులను ఏండ్లతరబడి ఉచితముగా పంచుచున్నారు. మెత్తని రబ్బరుతో చేయు ఆ చెప్పులకు వేలూరు కృషియే మూలము. అదే మొద్దుపాదముతో అదే ఆసుపత్రి మెట్లెక్కు మధుమేహరోగికి ఆ చెప్పుల జత దొరకదు. బస్తీ దవాఖానాలలోను, పల్లెల ఆరోగ్యకేంద్రములలోను చక్కెర పరీక్ష జరుగుచున్నది; చెప్పులు విప్పించి, పదిగ్రాముల ఒత్తిడికి వంగు నైలాను తీగతో అరికాలిని తాకి "తెలుస్తోందా?" అని అడుగు అలవాటు మాత్రము ఇంకను స్థిరపడలేదు. ఆ తీగ వెల అత్యల్పము. ఆ ప్రశ్నకు పట్టు కాలము రెండు నిమిషములు.

పాఠకులకు నా విన్నపము. మీ ఇంట మధుమేహముగల పెద్దలున్నచో ఈ రాత్రి వారి పాదములను ఒడిలోనికి తీసికొని దీపపు వెలుతురున చూడుడు: వ్రేళ్ళ సందులు, బొటనవ్రేలి మొదలు, మడమ. వారి చెప్పులలోనికి చేయి పోనిచ్చి మేకులు, రాళ్ళు గలవేమో తడవుడు. ఎర్రని మచ్చయో, బొబ్బయో కనబడినచో, నొప్పి లేదని వారు నవ్వినను, మరునాడే వైద్యునియొద్దకు తీసికొనిపొండు, ఆయన మందు వ్రాసి ఇచ్చిన పిమ్మట లేచి రాక, "ఈ కాలిమీద బరువు పడకుండా ఏం చేయమంటారు?" అని అడుగుడు.