సున్నపు గోడకు సిమెంటు పూత

పాత ఇంటిగోడ కాస్త పెచ్చులూడగానే మనకు తోచే మొదటి మందు సిమెంటు. మేస్త్రీ చెప్పేదీ అదే, చూడవచ్చిన చుట్టాలు చెప్పేదీ అదే. గట్టిది గనుక మంచిదని మన లెక్క. సున్నంతో కట్టిన ఇళ్ళ విషయంలో మాత్రం ఈ లెక్క తప్పుతుందని నా నమ్మకం.

పోర్ట్‌లాండ్ సిమెంటుకు జోసెఫ్ ఆస్ప్డిన్ ఇంగ్లండులో పేటెంటు పొందినది 1824లో. పోరుబందరు కర్మాగారంలో సిమెంటు తయారీ మొదలైనది 1914లో. చార్మినారు 1591 నాటిది. అంతటి కట్టడం మాట అటుంచి, మన తాతలనాటి లోగిళ్ళలోనూ గడీలలోనూ ఇటుకల నడుమ ఉన్నది ఎన్నోచోట్ల గానుగలో ఆడించిన సున్నమే. అందులో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపేవారన్నది పెద్దలందరికీ తెలిసిన సంగతే.

ఆ గోడలకు అడుగున చెమ్మను ఆపే పొర ఏదీ ఉండదు. నేలలోని తేమ ఇటుకల గుండా పైకి పాకుతుంది, సున్నపు పూతలోని సన్నని రంధ్రాల గుండా గాలిలో కలిసిపోతుంది. గోడ తడుస్తుంది, ఆరుతుంది. అలా వందేళ్ళు నిలుస్తుంది. దానిమీద సిమెంటు పూశామనుకోండి, తేమకు బయటపడే దారి మూసుకుపోతుంది. అడుగెత్తున ఉన్న చెమ్మ నడుమెత్తుకు పాకుతుంది. తేమతో వచ్చిన లవణాలు ఇటుకలోనే గడ్డకట్టి దాన్ని పిండి చేస్తాయి. పైకి పూత నున్నగానే ఉంటుంది, లోపల గోడ గుల్లవుతుంది. కొన్నేళ్ళకు ఆ పూత ఇటుక పొరను కూడా పట్టుకుని పలకలు పలకలుగా ఊడిపడుతుంది. అప్పుడు మనవాళ్ళు చేసేదేమిటి? మరింత సిమెంటు! ఆపైన, "పాత ఇల్లు, ఇక నిలవదు" అని తీర్పు చెప్పి పడగొట్టించడం. ఇంటిని చంపినది వయసు కాదు, వైద్యం.

వీధిలో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి అరుగుల ఎత్తుకు తెచ్చిన ఊళ్ళలో ఈ బాధ ఇంకా ఎక్కువ. వాననీరంతా గోడ మొదట్లోకే చేరుతుంది.

సిమెంటు మీద నాకు పగ లేదు. శ్లాబుకూ, స్తంభానికీ, నీళ్ళతొట్టికీ దానికి సాటి లేదు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు దొరకడం కష్టమన్నదీ, ఆ పని నెమ్మదిగా సాగుతుందన్నదీ నిజమే. కూలి లెక్క చూసుకునే గృహస్థును నేను తప్పుపట్టలేను. కాని పడగొట్టి కట్టే ఖర్చుతో పోలిస్తే ఆ ఆలస్యం ఎంత?

గోడకు చేయి వేసేముందు నీటి సంగతి చూడండి: చూరునీరు ఎటు పోతున్నది, గోడ మొదట్లో నేల వాలు ఎటున్నది. సిమెంటు పూతను ఇటుక చెదరకుండా నెమ్మదిగా ఒలిపించి, ఒక వేసవి ఆరనివ్వండి. ఆ తరువాతే సున్నపు పూత, పలుచగా, పొర ఆరాక పొర. పైన ప్లాస్టిక్ రంగు వద్దు, సున్నపు వెల్ల చాలు. తెలుపు మరీ బోసిగా తోస్తే అందులో కాస్త నీలిమందు కలిపించండి.