ఒక కాటుకు ఒక అణా



వానాకాలం వచ్చిందంటే కుందూ పక్క గ్రామాల్లో, కె.సి. కెనాల్ కింది మళ్ళలో నీళ్ళు నిలుస్తాయి. ఆ వెనుకనే చలిజ్వరాలు మొదలవుతాయి. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో సంఘస్థుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు జ్వరంతో ఉన్నవారి కొరకు ప్రార్థన చేయమని మమ్మల్ని అడుగుతారు. చేస్తాము. రక్తపరీక్ష చేయించారా అని మేమూ అడుగుతాము. చాలాచోట్ల వచ్చే జవాబు ఒక్కటే: "లేదయ్యగారూ, సూది వేయించినాము, దిగిపోయింది." ఆ ఒక్క రక్తపుచుక్క విలువ ఎంతటిదో తెలియాలని, ఈ నెల నోబెల్ బహుమతి పొందిన ఇద్దరిని గూర్చి రాస్తున్నాము. వారిలో ఒకరు పని చేసింది ఎక్కడో కాదు, మన సికింద్రాబాదులోనే.

మలేరియా అంటే ఇటలీ భాషలో చెడు గాలి అని అర్థం. మురికి నేలల నుండి లేచే గాలి వల్ల జ్వరం వస్తుందని అక్కడివారు నమ్మేవారు. గాలి సోకిందని మన పెద్దలు అనలేదా, అలాగే. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు ఆల్జీరియాలో ఒక రోగి రక్తంలో ఈ జ్వరపు క్రిమిని చూశారు. అయితే ఆ క్రిమి ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతుందో ఎవరికీ తెలియలేదు.

దాన్ని వెదికినవాడు రొనాల్డ్ రాస్. 1857లో హిమాలయాల దగ్గర అల్మోరాలో పుట్టారు. తండ్రి సైన్యాధికారి. రాస్ గారికి కవిత్వం మీద, సంగీతం మీద మనసు. తండ్రి పట్టుబట్టి వైద్యం చదివించారు. దోమే దోషి అయి ఉండవచ్చని లండనులో మాన్సన్ అనే పెద్ద వైద్యుడు చెప్పగా విని, 1895లో సికింద్రాబాదుకు వచ్చి దోమలను కోయడం మొదలుపెట్టారు. రెండేళ్ళు కోశారు, ఏమీ దొరకలేదు. దొరకనిది ఎందుకంటే ఆయన కోసినవన్నీ వేరే జాతి దోమలు. ఎండాకాలం ఉక్కలో పంకా వేసుకునే వీలు లేదు, గాలికి దోమలు ఎగిరిపోతాయి. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, కంటి అద్దం పగిలింది.

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి తన ఒంటి మీద వాటిని కుట్టించుకోవడానికి ఒప్పుకున్నారు. ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. నాలుగు రోజుల తరువాత, ఆగస్టు 20వ తేదీన, ఆ దోమల్లో ఒకదాని కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు రాస్ గారి కంటబడ్డాయి. అవి రోగి రక్తంలోని క్రిములే, దోమ కడుపులో పెరుగుతున్నాయి. నేటికీ ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. ఆ పరిశోధన జరిగిన కట్టడం బేగంపేటలో ఉన్నది. హైదరాబాదు వెళ్ళేవారు పిల్లలకు చూపించవచ్చు.

తరువాత నెలలోనే ఆయన్ను రాజపుతానాకు బదిలీ చేశారు! మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మీద పని చేసి, క్రిమి దోమ లాలాజలంలోకి చేరి కాటుతో మరో పక్షికి ఎక్కుతుందని తేల్చారు. మనుషుల విషయం ఇటలీలో గ్రాస్సీ, ఆయన తోటివారు 1898లో రుజువు చేశారు. ఘనత ఎవరిదని ఈ ఇద్దరి మధ్య పెద్ద తగవు నడిచింది. 1902లో నోబెల్ బహుమతి రాస్ గారికే వచ్చింది. లావెరాన్ గారికి 1907లో ఇచ్చారు. హుసేన్ ఖాన్ గారికి ముట్టినవి అణాలే. ఆయన పేరైనా చరిత్రలో మిగిలినందుకు మాకు సంతోషం.

రెండవవారు చైనా దేశపు స్త్రీ, తూ యూయూ. ఆమెకు డాక్టరేటు లేదు, విదేశాల్లో చదవలేదు. పాత మందులు లొంగని మలేరియాకు మందు వెదికే పని 1969లో ఆమెకు అప్పగించారు. మాచిపత్రి జాతికి చెందిన ఒక చెట్టు ఆకును కాచి చూస్తే గుణం సరిగా కనబడలేదు. పదహారు వందల ఏళ్ళ నాటి చైనా వైద్య గ్రంథంలో ఆ ఆకును చన్నీళ్ళలో నానబెట్టి పిండమని ఉన్నది. వేడికే గుణం పోతున్నదని ఆమె గ్రహించారు. తక్కువ వేడితో సారం తీసి, 1972లో ముందు తామే మింగి చూసి, తరువాత రోగులకు ఇచ్చారు. ఆ మందే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. కషాయాలు కాచే అమ్మలు ఈ సంగతి గమనించాలి. ఆకులో గుణం ఉండటం వేరు, అది మన గిన్నెలోకి దిగడం వేరు.

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో ఏటా సుమారు ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేది. 1953 నుండి ఇంటింటా డి.డి.టి. కొట్టారు. గోడల మీద తేదీలు రాసిపోయిన సంగతి పెద్దలకు జ్ఞాపకమే. కేసులు లక్ష లోపుకు తగ్గాయి. నిర్లక్ష్యం వహించగా 1976లో తిరిగి 64 లక్షలకు చేరాయి. ఆ తరువాత మళ్ళీ బాగా తగ్గాయి గాని పూర్తిగా పోలేదు.

ఇప్పుడు ఆ సూది సంగతి. మలేరియాలో మన దేశంలో ముఖ్యంగా రెండు రకాలు. ఫాల్సిపారం అనేది మెదడుకు ఎక్కి కొద్ది రోజుల్లోనే ప్రాణం తీయగలదు. దానికి తూ యూయూ గారి మందు కలిసిన మాత్రలు ఇస్తారు. వైవాక్స్ అనేది చంపడం అరుదు గాని కాలేయంలో దాక్కుని నెలల తరువాత మళ్ళీ లేస్తుంది. దానికి క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు. ఏ రకమో చేయి పట్టి చూస్తే తెలియదు, రక్తం చూస్తేనే తెలుస్తుంది. జ్వరం తగ్గించే సూదికి జ్వరం దిగుతుంది, క్రిమి మాత్రం ఉండిపోతుంది. పరీక్ష, మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మూడో రోజుకే ఒళ్ళు తేలికైందని మిగతా మాత్రలు గూట్లో పెట్టేవారు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. పద్నాలుగూ మింగవలసిందే. గర్భిణులకు, పసిబిడ్డలకు ప్రైమాక్విన్ ఇవ్వరు గనుక, కడుపుతో ఉన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. నల్లమలలో పనికి పోయి వచ్చినవారు ఆ మాట కూడా చెప్పాలి.

గుడ్డు నుండి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికొకసారి గాబు, తొట్టి ఖాళీ చేసి, తోమి, ఎండబెట్టమని చెప్పేది అందుకే.